గరుకు గాజు

రాత్రి రెండున్నర. ఎర్రగడ్డ.
ఐలయ్యను సీటీ బల్ల మీద పడుకోబెట్టాం.
"సాంస్ రోకియే" అంది మెషీను,
ఎప్పటి గొంతుతోనే, ఎవరికైనా ఒకటే గొంతు.
బిగపట్టడానికి ఆయన దగ్గర ఊపిరెక్కడిది?

తెర మీద నల్లగా ఉండాల్సిన చోట
బాత్రూం కిటికీకి బిగించే గరుకు గాజు.
అవతల ఎవరో ఉన్నారని తెలుస్తుంది.
ఎవరన్నది తెలియదు.

మొన్నటి వానకు నాలా మూతలెత్తిన మనిషి.
టోలిచౌకి గల్లీల్లో పడవలు తిరిగిన రాత్రి
ఎవరిదో ప్రహరీ గడ్డపారతో కూలగొట్టి
నీళ్లకు దారిచ్చాడట.
"గోడ పోతే పోయింది సారూ, ఇండ్లన్న మిగిలినయి."
ఆక్సిజన్ ఎనభై రెండు.
అయినా చెబుతూనే ఉన్నాడు.

డిప్లొమా చదువు, ఏడు నెలల నైట్ డ్యూటీ,
నాకున్న శాస్త్రం అంతే.
దాంతోనే ఊహించుకుంటాను లోపల జరిగినదాన్ని.

మొదట చప్పుడే లేదు.
గాలితిత్తులు అంటుకుపోకుండా
సబ్బునురగలాంటి పొర పూసే కణాలుంటాయి,
ఆ తలుపులకు సరిపోయే తాళంచెవులు
ఒంటినిండా గుచ్చుకుని వచ్చింది అది.
దూరగానే ఇంటామె నోరు నొక్కింది.
కేక పక్కింటికి చేరేసరికి
గల్లీ సగం మునిగింది.

అప్పుడు అందరూ ఒక్కసారే వచ్చారు.
తెల్లకణాలు, నెత్తురు గొట్టాల సందుల్లోంచి
భుజాలు ఒరుసుకుంటూ,
ఎవరి చేతికి దొరికింది వాళ్లు పట్టుకుని.
కొన్నయితే
తమ పుట్టుక రాసి ఉన్న దారాన్నే కడుపులోంచి లాగి
వలలా విసిరి అక్కడే చచ్చిపోయాయి.
వలలో అదీ చిక్కింది,
ఐలయ్య ఊపిరీ చిక్కింది.
గోడలు వదులయ్యాయి. నీళ్లు లోపలికొచ్చాయి.
సాయానికొచ్చినవాళ్ల కాళ్ల కిందే
ఇంటి గచ్చు పగిలింది.
ఎవరిని తిట్టాలి?

జోహ్రా మేడమ్ రక్తం రిపోర్టు రెండుసార్లు చదివింది.
"వైరస్ చేసింది సగమే, మిగతాది మనవాళ్ల పని."
స్టెరాయిడ్ రాసింది.
పాత మందు, చవక మందు.
సూదిలోంచి లోపలికి వెళ్లే మాట ఒకటే:
చాలు, ఇక కొట్టకండి.

ఈ గొడవకు దూరంగా ఇంకో పని నడుస్తూ ఉండాలి.
వరదలో దొరికిన ఒంటి చెప్పు పట్టుకుని
ఇల్లిల్లూ తిరిగినట్టు
ఒక కణం, శత్రువు ముక్క ఒకటి చేతబట్టుకుని
చంకలో, మెడలో, ఛాతీ నడుమ ఉండే గ్రంథుల్లో
ఇది నీకు సరిపోతుందా, నీకు సరిపోతుందా అని
అడుగుతూ పోతుంది.
లక్షల్లో ఒకదానికి సరిపోతుంది.
ఆ ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగు,
వారం పడుతుంది, పది రోజులు పడుతుంది.
ఊపిరి అంతసేపు ఆగుతుందా అన్నదే లెక్క.

ఆరు రోజులు బోర్లా పడుకున్నాడు ఐలయ్య.
పదకొండో రోజు తొంభై మూడు.
రెండో స్కాన్లో గాజు కరిగి
నీళ్లు తీసిన ఇంటి గోడ మీద
మిగిలే బురద గీతలాంటివి నాలుగు.
అవి పోతాయో ఉంటాయో చెప్పలేను.
ఈ యుద్ధం చూసిన కణాలు కొన్ని
ఎముక గుజ్జులో చోటు వెతుక్కుంటాయని చదివాను,
ఎన్నేళ్లు గుర్తుంచుకుంటాయో
ఇంకా ఎవరూ లెక్కపెట్టలేదు.

బల్ల దిగుతూ నా చేయి పట్టుకున్నాడు,
గ్లౌజు మీదుగానే.
రోగం మళ్లీ వస్తుందా అని అడుగుతాడనుకున్నాను.

"సారూ, ఆ గోడోళ్లు
నా మీద కంప్లైంట్ గిట్ల ఇచ్చిండ్రా?"